పట్టా ఒక్కటే.. తెరుచుకునే తలుపులు వేరు
డిగ్రీలో మేజర్ ఎంపికకు ముందు ఉద్యోగ అర్హతలు పరిశీలించడమే మేలు

అనకాపల్లి: ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి డిగ్రీ ప్రవేశాల గడువు ముగిసే వరకు విద్యార్థుల ఇళ్లలో ఒకటే చర్చ. ఏ కళాశాలలో చేరాలి? ఏ కోర్సు తీసుకోవాలి? స్నేహితుడు చేరుతున్నాడనో, బస్సు సౌకర్యం ఉందనో, పక్కింటి అబ్బాయి అదే చదివి స్థిరపడ్డాడనో వెబ్ ఐచ్ఛికాలు నింపేవారు తక్కువేమీ కాదు. అసలు చిక్కు అప్పుడు కనిపించదు. మూడేళ్ల తర్వాత ఉద్యోగ ప్రకటన చేతికి వచ్చినపుడు అర్హతల గడిలో తాము చదివిన సబ్జెక్టు పేరు లేదని తెలిసినపుడే తప్పు అర్థమవుతుంది. అప్పటికి కాలం, ఫీజులు, కన్నవారి రెక్కల కష్టం ఖర్చయిపోయి ఉంటాయి. ఈ పరిస్థితి రాకుండా ఉండాలంటే మేజర్ అంటే ఏమిటి, దానికీ కొలువుకూ ఉన్న సంబంధం ఏమిటన్నది చేరకముందే తెలుసుకోవాలి.

మేజర్ అంటే..?

ఒకప్పుడు డిగ్రీ అంటే మూడు సబ్జెక్టుల గ్రూపు. ఎంపీసీ చదివిన విద్యార్థి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడింటినీ సమానంగా చదివేవాడు. పీజీకి వెళ్లేటపుడు మూడింటిలో దేనినైనా ఎంచుకునే వీలుండేది. జాతీయ విద్యా విధానం-2020ను అనుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో డిగ్రీ కోర్సులకు కొత్త పాఠ్య ప్రణాళిక చట్రాన్ని ప్రకటించింది. దాని ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు కనీసంగా అవసరం. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరంలో మూడు సబ్జెక్టుల గ్రూపుల స్థానంలో ఒకే మేజర్, దానికి తోడుగా ఒక మైనర్ ఉండే విధానాన్ని ప్రవేశపెట్టారు.

ఈ మార్పులోని కీలకం ఒక్కటే. మూడు కాళ్ల పీట స్థానంలో ఒక బలమైన స్తంభం వచ్చింది. ఒక శాస్త్రాన్ని లోతుగా చదివే అవకాశం కలిగింది. అదే సమయంలో ఎంపిక తప్పితే పక్కదారి పట్టే వీలు తగ్గింది. ప్రవేశ నిబంధనలను ప్రభుత్వాలు సవరిస్తూ ఉంటాయి కనుక విద్యార్థి తాను చేరే సంవత్సరపు ప్రకటననే ప్రామాణికంగా తీసుకోవాలి. అన్నో, అక్కో చదివిన నాటి విధానాన్ని నమ్ముకోవడం తగదు.

కొలువులు మూడు రకాలు

డిగ్రీ తర్వాత లభించే ఉద్యోగాలను మూడు తరగతులుగా విభజించుకుంటే గందరగోళం చాలావరకు తొలగిపోతుంది.

మొదటి తరగతి: ఏ డిగ్రీ అయినా సరిపోయేవి. సివిల్ సర్వీసులు, బ్యాంకు ప్రొబేషనరీ అధికారులు, క్లర్కులు, కొన్ని ప్రత్యేక పోస్టులు మినహా గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలు ఈ కోవలోకి వస్తాయి. వీటిని లక్ష్యంగా పెట్టుకున్నవారు తమకు ఇష్టమైన, బాగా మార్కులు తెచ్చుకోగల సబ్జెక్టును నిశ్చింతగా ఎంచుకోవచ్చు. చరిత్ర, రాజనీతి, అర్థశాస్త్రం వంటివి పోటీ పరీక్షల పాఠ్యాంశాలకు దగ్గరగా ఉండటం అదనపు ప్రయోజనం.

రెండో తరగతి: ఫలానా సబ్జెక్టు చదివి ఉండాలని షరతు విధించేవి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు ఇందుకు చక్కని ఉదాహరణ. సివిల్స్‌తో పాటే ప్రాథమిక పరీక్ష జరిగినప్పటికీ దీనికి ఏ డిగ్రీ అయినా చాలదు. వృక్ష, జంతు, రసాయన, భౌతిక, భూగర్భ, గణిత, గణాంక శాస్త్రాల్లో కనీసం ఒకటి లేదా పశుసంవర్ధక, పశువైద్య శాస్త్రం చదివి ఉండాలి. లేదా వ్యవసాయం, అటవీశాస్త్రం, ఇంజినీరింగ్ పట్టా ఉండాలి. బీకాం విద్యార్థి ఎంత ప్రతిభావంతుడైనా ఈ పరీక్షకు అర్హుడు కాడు.

మూడో తరగతి: చట్టప్రకారం నమోదు లేదా ప్రత్యేక వృత్తి పట్టా ఉంటేనే అనుమతించేవి. ఔషధ దుకాణంలో ఫార్మసిస్టుగా పనిచేయాలంటే ఫార్మసీ చట్టం-1948 కింద నమోదు కావాలి. అందుకు డీఫార్మసీ, బీఫార్మసీ వంటి కోర్సులే మార్గం. రసాయన శాస్త్రంలో బంగారు పతకం వచ్చినా ఆ నమోదు లభించదు. న్యాయవాద వృత్తి, నర్సింగ్, పశువైద్యం వంటివన్నీ ఈ తరగతివే.

వ్యవసాయాధికారి ఉద్యోగం విషయంలోనూ చాలామంది పొరబడుతుంటారు. దీనికి వ్యవసాయ బీఎస్సీ అవసరం. సాధారణ డిగ్రీలో వృక్షశాస్త్రం చదివితే సరిపోదు. ఆ కోర్సులో ప్రవేశం ఈఏపీసెట్ ద్వారా జరుగుతుంది. ప్రైవేటు సంస్థల్లో చేరేవారు ఆ కోర్సుకు భారత వ్యవసాయ పరిశోధన మండలి గుర్తింపు ఉన్నదీ లేనిదీ ముందే నిర్ధారించుకోవాలి.

ఒకే ప్రయోగశాల.. వేర్వేరు అర్హతలు

పరవాడలోని జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి ఉన్న ఈ జిల్లాలో రసాయన శాస్త్ర పట్టభద్రులకు ఔషధ పరిశ్రమ సహజమైన గమ్యం. అక్కడ వారు ప్రధానంగా మూడు విభాగాల్లో కుదురుకుంటారు. ముడిసరుకును, తయారైన మందును పరీక్షించేది నాణ్యత నియంత్రణ విభాగం. ప్రతి దశా నిబంధనల ప్రకారం జరిగిందా అని పత్రాలతో సహా సరిచూసేది నాణ్యత హామీ విభాగం. మూడోది ఉత్పత్తి. నాణ్యత నియంత్రణలో చేరదలచినవారికి హెచ్‌పీఎల్‌సీ, గ్యాస్ క్రొమాటోగ్రఫీ, యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్ వంటి పరికరాలపై చేయి తిరిగి ఉండటం, లెక్కలు తప్పులేకుండా రాయగలగడం ముఖ్యం. కళాశాలలో టైట్రేషన్లు సైతం చేయించకుండా రికార్డులు మాత్రమే రాయించి ఉంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

మేజర్ పేరుకు ఉన్న విలువ ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. ఔషధ నియమావళి ప్రకారం మందుల తయారీని పర్యవేక్షించే సాంకేతిక నిపుణుడిగా ఆమోదం పొందాలంటే ఫార్మసీ పట్టభద్రుడికి 18 నెలల ఆచరణాత్మక అనుభవం చాలు. సైన్సు పట్టభద్రుడైతే రసాయన శాస్త్రాన్ని ప్రధాన సబ్జెక్టుగా చదివి ఉండాలి, పైగా కనీసం మూడేళ్ల తయారీ అనుభవం ఉండాలి. ‘ప్రధాన సబ్జెక్టు’ అన్న ఒక్క మాటపైనే భవిష్యత్ పదోన్నతి ఆధారపడి ఉంటుందన్నమాట.

ఆహార భద్రత అధికారి ఉద్యోగం చూద్దాం. 2011 నాటి ఆహార భద్రత నియమాల్లో ఫుడ్ టెక్నాలజీ, డెయిరీ టెక్నాలజీ, బయోటెక్నాలజీ, జీవరసాయన శాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, వ్యవసాయ శాస్త్రం వంటి వాటిలో డిగ్రీ ఉన్నవారిని అర్హులుగా పేర్కొన్నారు. రసాయన శాస్త్రం విషయానికి వచ్చేసరికి పీజీ అడిగారు. అంటే సూక్ష్మజీవశాస్త్రం చదివిన విద్యార్థిని డిగ్రీతోనే దరఖాస్తు చేసుకోగలదు. ఆమె పక్క బెంచీలో కూర్చుని రసాయన శాస్త్రం చదివిన విద్యార్థిని మరో రెండేళ్లు ఆగాలి. ఇద్దరూ ఒకే కళాశాల, ఒకే ఏడాది, ఒకే బస్సు. తేడా మేజర్‌లోనే ఉంది.

పరిశ్రమల్లో శిక్షణకు, ఉద్యోగానికి వెళ్లేవారు భద్రత విషయాన్ని విస్మరించరాదు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మండలిలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన ప్రమాదం 17 మందిని బలిగొన్న సంగతి విదితమే. చేరిన తొలిరోజే భద్రత శిక్షణ ఇస్తారా, రక్షణ పరికరాలు సమకూరుస్తారా, వాడే రసాయనాల ప్రమాద వివరాల పత్రాలు అందుబాటులో ఉంటాయా అని అడగడం విద్యార్థి హక్కు. అందులో మొహమాటానికి తావులేదు.

బోధన వైపు వెళ్లాలనుకుంటే

ఉపాధ్యాయ వృత్తిపై ఆసక్తి ఉన్నవారు మేజర్ ఎంపికలో మరింత జాగ్రత్త వహించాలి. స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డిగ్రీ సబ్జెక్టు, బీఈడీలో చదివిన మెథడాలజీ రెండూ పోస్టుకు సరిపోలాలి. బీఈడీ ప్రవేశానికి డిగ్రీలో సాధారణంగా 50 శాతం మార్కులు కావాలి. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. మూడు సబ్జెక్టుల రోజుల్లో ఎంపీసీ పట్టభద్రుడికి గణితం, భౌతికశాస్త్రం రెండు దారులూ ఉండేవి. ఒకే మేజర్ చదివినవారు ఎడ్‌సెట్ ప్రకటనలో తమ మేజర్‌కు ఏ మెథడాలజీ కేటాయించారో, డీఎస్సీ ప్రకటనలో ఆ పోస్టుకు ఏ సబ్జెక్టులు అడుగుతున్నారో రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇంటర్ నాటికే బోధనపై స్పష్టత ఉన్నవారికి నాలుగేళ్ల సమీకృత బీఈడీ మంచి ప్రత్యామ్నాయం. డిగ్రీ, బీఈడీ కలిపి నాలుగేళ్లలో పూర్తవడం వల్ల ఒక ఏడాది కలిసివస్తుంది. జాతీయ ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా ఇందులో సీట్లు కేటాయిస్తారు. వరంగల్ ఎన్ఐటీ సైతం ఈ కోర్సును ప్రారంభించడం గమనార్హం.

గణాంకశాస్త్రం.. గుర్తింపు తక్కువ, అవసరం ఎక్కువ

గణితంపై పట్టు ఉండి కూడా కంప్యూటర్ కోర్సుల హోరులో గణాంకశాస్త్రాన్ని పట్టించుకోనివారు ఉన్నారు. కానీ ఈ సబ్జెక్టుకు ప్రత్యేకంగా ఒక కేంద్ర సర్వీసే ఉంది. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసు పరీక్షకు డిగ్రీలో గణాంకశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంటే చాలు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ డిగ్రీ స్థాయి పరీక్షలోనూ జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్, స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ పోస్టులున్నాయి. మొదటి పోస్టుకు ఇంటర్ గణితంలో 60 శాతం మార్కులున్నా అర్హత లభిస్తుంది. రెండో దానికి మాత్రం డిగ్రీ అన్ని సెమిస్టర్లలోనూ గణాంకశాస్త్రం చదివి ఉండాలన్న నిబంధన విధిస్తూ వచ్చారు. దీనిని బట్టి ఒక సూక్ష్మం గ్రహించాలి. గణాంకశాస్త్రాన్ని మధ్యలో ఆరంభమయ్యే మైనర్‌గా తీసుకుంటే ఇలాంటి షరతు నెరవేరదు. మేజర్‌గా చదివితేనే ఏ అడ్డంకీ ఉండదు.

ప్రపంచ ప్రఖ్యాత గణాంక శాస్త్రవేత్త సీఆర్ రావు ప్రస్థానం ఈ సందర్భంగా ప్రస్తావనార్హం. ఆయన విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎంఏ పూర్తిచేశారు. ఉద్యోగ ప్రయత్నంలో కలకత్తా వెళ్లిన ఆయనకు అక్కడ భారత గణాంక సంస్థ గురించి తెలిసింది. అందులో శిక్షణలో చేరి, ఆ తర్వాత కలకత్తా విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రంలో ఎంఏ చేశారు. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం ఆయనను వరించాయి. చదివిన గణితాన్ని వదులుకోకుండా, దాని అవసరం ఉన్న చోటును వెతుక్కుంటూ వెళ్లడమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది.

వాణిజ్యం, ఆర్ట్స్‌లో ఇలా..

బీకాం చేరేవారు పట్టాతో ఆగిపోతే ఖాతాల సహాయకుడి ఉద్యోగానికే పరిమితం కావలసి రావచ్చు. దానికి చార్టర్డ్ అకౌంటెన్సీ, కాస్ట్ అకౌంటెన్సీ, కంపెనీ సెక్రటరీ వంటి వృత్తి కోర్సును జోడిస్తే స్థాయి మారుతుంది. ఇంటర్ తర్వాత సీఏ ఫౌండేషన్ రాయవచ్చు. డిగ్రీ తర్వాత అయితే వాణిజ్య పట్టభద్రులు 55 శాతం, ఇతరులు 60 శాతం మార్కులతో నేరుగా ఇంటర్మీడియట్ దశలో నమోదు కావచ్చు. 2023లో వచ్చిన కొత్త విధానంలో ఆచరణాత్మక శిక్షణను మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించారు. ఇంత చదువు సాధ్యం కానివారు జీఎస్టీ రిటర్నులు, టాలీ, ఎక్సెల్‌పై పట్టు సాధిస్తే పట్టణంలోని వ్యాపార సంస్థల్లోనే పని దొరుకుతుంది.

ఆర్ట్స్ అంటే చిన్నచూపు వద్దు. అర్థశాస్త్రం చదివి పీజీ పూర్తిచేసినవారికే ఇండియన్ ఎకనామిక్ సర్వీసు పరీక్ష రాసే అర్హత ఉంది. తెలుగు, ఆంగ్ల సాహిత్య విద్యార్థులకు బోధన, పత్రికా రంగం, అనువాదం దారులు చూపుతాయి. రాజనీతి శాస్త్రం చదివి న్యాయవిద్యకు వెళ్లేవారూ ఉన్నారు. మనస్తత్వశాస్త్రం వంటి వాటిలో మాత్రం వైద్య సంబంధ సేవలు అందించాలంటే గుర్తింపు ఉన్న శిక్షణ, నమోదు తప్పనిసరి. 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి మనస్తత్వశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, ఆహార పోషణ శాస్త్రం వంటి కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల్లో నిర్వహించరాదని యూజీసీ ఆదేశించింది. ఏదైనా సంస్థ ఇలాంటి కోర్సులకు దూరవిద్య ద్వారా సీటు ఇస్తామంటే అప్రమత్తం కావాలి.

కంప్యూటర్ కోర్సుల్లో పేరు కాదు.. పాఠ్యాంశాలే ముఖ్యం

డేటా సైన్సు, కృత్రిమ మేధ వంటి పేర్లతో డిగ్రీలో కొత్త మేజర్లు వచ్చాయి. పేరు ఆకర్షణీయంగా ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదు. నియామక పరీక్షల్లో అడిగేది ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్లు, డేటాబేస్, తార్కిక సామర్థ్యం. ఈ మూలాలు చెప్పే అధ్యాపకులు, పనిచేసే కంప్యూటర్ల ప్రయోగశాల ఉన్న కళాశాలలో సాధారణ కంప్యూటర్ సైన్సు చదవడం, అవేవీ లేని చోట కొత్త పేరున్న కోర్సు చదవడం కంటే ఎంతో నయం. డేటా సైన్సుకు గణాంకశాస్త్రం, గణితం పునాదులు. లెక్కలంటే భయపడి గణితం నుంచి తప్పించుకోవడానికి ఈ కోర్సులో చేరేవారు రెండో సెమిస్టర్‌కే ఇబ్బంది పడతారు. బీసీఏ, బీబీఏ కోర్సులు 2024-25 నుంచి ఏఐసీటీఈ పరిధిలోకి వచ్చాయి. చేరబోయే కళాశాలకు ఆ అనుమతి ఉన్నదో లేదో చూసుకోవాలి.

మైనర్, ఇంటర్న్‌షిప్‌లను వాడుకోవాలిలా..

మేజర్ వెన్నెముక అయితే మైనర్ చేయి వంటిది. మేజర్‌లో లేని నైపుణ్యాన్ని మైనర్ ద్వారా సమకూర్చుకోవాలి. రసాయన శాస్త్రానికి సూక్ష్మజీవశాస్త్రం, అర్థశాస్త్రానికి గణాంకశాస్త్రం, వాణిజ్యానికి కంప్యూటర్ అప్లికేషన్లు, తెలుగుకు పత్రికా రచన తోడైతే అభ్యర్థి విలువ పెరుగుతుంది. సులభంగా గట్టెక్కవచ్చని మైనర్‌ను ఎంచుకోవడం అవకాశాన్ని చేజార్చుకోవడమే.

రాష్ట్రంలో 2020-21 సంస్కరణల్లో భాగంగా డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలల శిక్షణ, చివరి ఏడాదిలో ఒక సెమిస్టర్ పూర్తిగా ఇంటర్న్‌షిప్‌గా దీనిని రూపొందించారు. ధ్రువపత్రం కొని తెచ్చుకుని మమ అనిపించే ధోరణి విద్యార్థికే నష్టం. తన మేజర్‌కు సంబంధించిన పని నిజంగా ఎలా ఉంటుందో, అది తనకు సరిపడుతుందో లేదో ఉద్యోగానికి ముందే తెలుసుకునే ఏకైక అవకాశమిది. రాత్రి షిఫ్టులు, నిలబడి చేసే పని, గంటల తరబడి పత్రాలు నింపడం తనకు పడవని శిక్షణలోనే తెలిస్తే దారి మార్చుకోవడానికి సమయం మిగులుతుంది.

నాలుగో ఏడాది అవసరమా?

మూడేళ్ల తర్వాత పట్టా తీసుకుని బయటకు రావచ్చు. ఉద్యోగ ప్రకటనలు, బీఈడీ, ఎంబీఏ, మూడేళ్ల న్యాయవిద్యకు అది సరిపోతుంది. పరిశోధన వైపు వెళ్లదలచినవారికి నాలుగో ఏడాది ఉపయోగపడుతుంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు సాధించినవారు పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి పోటీపడవచ్చు. మిగిలినవారు ఒక ఏడాది ఫీజు, ఒక ఏడాది సంపాదన లెక్కవేసుకుని నిర్ణయించుకోవాలి.

చేరాక మనసు మారితే..

తప్పు సబ్జెక్టులో చేరామని తెలిసినవారు నిరాశ చెందనవసరం లేదు. ఏ మేజర్ చదివినా న్యాయవిద్య, ఎంబీఏ, గ్రంథాలయ శాస్త్రం వంటి కోర్సులకు తలుపులు తెరిచే ఉంటాయి. 2022లో మొదలైన సీయూఈటీ-పీజీ ద్వారా హైదరాబాద్ విశ్వవిద్యాలయం, అనంతపురంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వంటి వాటిలో పీజీ ప్రవేశాలు జరుగుతున్నాయి. వీటిలో ఇతర సబ్జెక్టుల వారిని అనుమతించే కోర్సులూ ఉన్నాయి. మొదటి సెమిస్టర్‌లోనే పొరపాటు గ్రహిస్తే మార్పు కోరుతూ కళాశాలను వెంటనే సంప్రదించాలి. ఆలస్యమయ్యే కొద్దీ దారి ఇరుకవుతుంది.

తల్లిదండ్రులు గమనించాల్సినవి

కూతురిని దగ్గర్లోని కళాశాలకే పంపాలన్న ఆలోచనతో అక్కడ ఏ మేజర్ ఉంటే దానిలో చేర్పించే కుటుంబాలున్నాయి. దూరం గురించిన బెంగ సహజమే. అయితే ప్రభుత్వ వసతి గృహాలు, బస్సు పాసు, బోధన రుసుముల పథకాల వివరాలు తెలుసుకున్న తర్వాతే ఆ నిర్ణయానికి రావాలి. పది కిలోమీటర్ల దూరం తగ్గించుకోవడానికి ముప్పై ఏళ్ల ఉద్యోగ జీవితాన్ని పణంగా పెట్టరాదు.

ఐచ్ఛికాలు నింపే ముందు ఈ ప్రశ్నలు వేసుకోండి

* నేను కోరుకుంటున్న మూడు ఉద్యోగాలు ఏవి? వాటి పాత ప్రకటనల్లో అర్హతగా ఏ సబ్జెక్టు అడిగారు?
* ఆ సబ్జెక్టు మేజర్‌గానే ఉండాలా, మైనర్‌గా ఉన్నా సరిపోతుందా? అన్ని సెమిస్టర్లూ చదవాలన్న షరతు ఉందా?
* ఈ వృత్తికి చట్టబద్ధ నమోదు కావాలా? నా కోర్సు ఆ నమోదుకు పనికివస్తుందా?
* కళాశాలలో ఆ సబ్జెక్టుకు శాశ్వత అధ్యాపకులు ఎందరు? ప్రయోగశాలను కళ్లారా చూశానా?
* న్యాక్ గుర్తింపు ఉందా? గత ఏడాది ఇదే మేజర్ పూర్తిచేసినవారు ఎక్కడ స్థిరపడ్డారు?
* ఆ ఉద్యోగం రాకపోతే ఇదే పట్టాతో నా రెండో దారి ఏది?

వీటిలో చివరి ప్రశ్నకు సమాధానం దొరికిన మేజర్‌నే ముందు వరుసలో పెట్టుకోవాలి. పోటీ పరీక్షల్లో పోస్టులు పరిమితం, అభ్యర్థులు అపరిమితం. ఒక తలుపు మూసుకున్నా మరొకటి తెరిచి ఉంచగల సబ్జెక్టే దిగువ, మధ్యతరగతి కుటుంబాలకు నిజమైన భరోసా. ఐచ్ఛికాలు నింపడానికి పట్టేది పది నిమిషాలే. పాత ప్రకటనలు తిరగేయడానికి, సీనియర్లను కలవడానికి, కళాశాలను చూసి రావడానికి ఒక వారం కేటాయిస్తే అది వృథా కాబోదు.